నూట ఎనిమిది తెల్లగదులు

శంఖద్వీపాన్ని ఏలే నిర్భయసేన మహారాజు భయపడని వస్తువంటూ ఈ పద్నాలుగు లోకాల్లో ఏదీ లేదు. పాముకు భయం, పాము లేదంటే ఎక్కడ నక్కిందోనని భయం. శత్రురాజు దండెత్తితే భయం, స్నేహం చేస్తానని కబురంపితే అంతకంటే భయం. నామకరణంనాడు ఆ పేరు సూచించిన పురోహితుడికి జరగబోయేది తెలియదు గనక ఆయన్ని తప్పుపట్టలేం.

పన్నెండేళ్ళుగా ఆయన కొలువులో తెర వెనక కూర్చునే తీర్పులు చెప్పాడు. ఆయన ముఖం ఎలా ఉంటుందో ప్రజలు మరిచిపోయారు. వంటవాడు వీరప్ప, మహామంత్రి ఋజువర్తి తప్ప ఆయన్ని ఎదురుగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు.

అలాంటి రాజు దగ్గరికి ఒకనాడు శూన్యపాదుడనే మాంత్రికుడు వచ్చాడు. పాలరాతితో చెక్కినట్టు తెల్లటి మనిషి. కనురెప్పలు కూడా తెల్లనే.

"ప్రభూ, మీకు ఒక భవనం కడతాను. గాజులో గాజు ఇమిడినట్టు తొమ్మిది వలయాలు. వలయానికి పన్నెండు గదులు. నూట ఎనిమిది గదులూ ఒక్కలాగే ఉంటాయి. గదికి నాలుగు ద్వారాలు, నడిమధ్యన ఒక మంచం, మంచం మీద ఒక బాలీసు, పక్కన కూజా, పళ్ళెంలో కొబ్బరి. అన్నీ తెలుపే. హంతకుడు లోపలికి వచ్చాడా, మీరు ఏ గదిలో ఉన్నారో తెలియక పిచ్చెక్కి చస్తాడు" అన్నాడు.

"మరీ బోసిగా ఉండదా?" అని రాజు సందేహించాడు.

మాంత్రికుడు జాలిగా నవ్వాడు. "తెలుపు మనసుకు శాంతి ప్రభూ. తెలుపు గదికి ఊపిరి. పువ్వులూ, గళ్ళూ, చారలూ మొరటువాళ్ళు వేసే కేకలు. ఉన్నతులు గోడల చేత అరిపించరు."

తాను ఉన్నతుడు కాడేమోనని రాజుకు భయం వేసింది. భవనం లేచింది. శరత్కాలపు మబ్బులన్నీ దిగివచ్చి నేలమీద గుండ్రంగా కూర్చున్నాయా అన్నట్టు, పాలసముద్రం సుడి తిరుగుతూ గడ్డకట్టిందా అన్నట్టు, ఊరి నడుమ అది కళ్ళు మిరుమిట్లు గొలిపేలా వెలిగింది. శుభముహూర్తాన మహారాజు లోపలికి అడుగుపెట్టాడు.

అది జరిగి తొమ్మిది రోజులైంది. ఆయన మళ్ళీ బయటికి రాలేదు. ఆయన ఏ గదిలో ఉన్నాడో హంతకులకే కాదు, అన్నానికి కూడా తెలియలేదు.

"ప్రభువులు ఏకాంత తపస్సులో ఉన్నారు" అని మహామంత్రి ఋజువర్తి చాటింపు వేయించాడు. మర్నాడు రాజముద్రతో ధవళశాసనం వెలువడింది. నగరంలో ఎవరి ఇంటా, ఎవరి ఒంటా తెలుపు తప్ప మరో రంగు కనబడరాదు. ముగ్గుల్లో పసుపు పోయింది. పెళ్ళికూతుళ్ళు విధవల్లా పీటలెక్కారు. అద్దకపువాళ్ళ వీధిలో రంగుతొట్లన్నీ పగలగొట్టారు. ఆ వీధిలో మునెయ్య అనే నీలిమందు పనివాడు ఉన్నాడు. పదిహేనేళ్ళు నీలితొట్టిలో చేతులు ముంచి తీసిన మనిషి. మోచేతుల దాకా ఆకాశం రంగు. భటులు కుంకుడురసంతో రుద్దారు, ఇసుకతో తోమారు, బూడిద పూసి పీచుతో గీకారు. తోలు లేచింది గానీ నీలం పోలేదు.

"కడిగితే పోనిది కోస్తే పోతుంది" అని ఋజువర్తి సెలవిచ్చాడు. తొమ్మిదో నాటి మధ్యాహ్నం భేరీ మోగగానే భవనం ముందు చౌకులో మునెయ్య చేతులు నరకాలని తీర్పు.

ఆ ఉదయమే, భవనం వెనక వాకిట్లో సున్నం వేసే ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. తెలుపు తెలుపుగానే ఉండాలి గనక బయటి గోడలకు రోజూ ఒక పూత వేయాలి. ఆ వరుసలో, తెల్లకోక కట్టి, నెత్తిన ముంత పెట్టుకుని నిలబడ్డ ఒకామె చేతులు మాత్రం సున్నం మనిషి చేతుల్లా లేవు. గోళ్ళ సందుల్లో ఎరుపు ఇంకా మిగిలి ఉంది. ఆమె మునెయ్య భార్య చెంగల్వ. బట్టమీద అచ్చు అద్దడంలో ఆమెకు ఆ ద్వీపంలో సాటి లేరు.

కావలివాడు ముంతలో వేలు ముంచాడు. "సున్నమేనా?"

"నాకి చూడు, తెలుస్తుంది" అంది చెంగల్వ.

వాడు వేలు దులుపుకుని పొమ్మన్నాడు. ముంతలో సగానికి అరిటాకు బిగించి ఉందనీ, దానికింద మంజిష్ఠ ఎరుపు ఉందనీ తెలుసుకోవాలంటే వాడికి ఇంకొంచెం పొడుగు వేలు ఉండాల్సింది.

లోపలి గడప దగ్గర వంటవాడు వీరప్ప అన్నపు గంగాళం భుజాన పెట్టుకుని కాచుకున్నాడు. తొమ్మిది రోజులుగా అతను రాజుకోసం వండుతున్నాడు, మంత్రి తింటున్నాడు. ఆ అవమానం అతన్ని దహించివేస్తోంది. గంగాళంలో పైన అన్నం, అన్నం కింద మూటగట్టిన చెంగల్వ అచ్చుదిమ్మలు.

"తల్లీ, ముందే చెప్తున్నా. నేను లోపలికి ఆరుసార్లు పోయొచ్చా. నడుముకి దారం కట్టుకుపోతే తెగిపోయింది. బియ్యం చల్లుకుంటూ పోతే తెల్లనేల మీద తెల్లబియ్యం, నాకే కనబళ్ళేదు. ఆరుసార్లూ లోపలికని నడిచి బయటికే తేలా" అన్నాడు.

"ఇయ్యాల తేలవులే బాబాయ్. రాజు దొరికితే ఆయన నోటితోటే ఆ శాసనం రద్దు చేయిస్తా. దొరక్కపోతే మా ఆయన చేతుల్తోపాటు నావీ పెడతా" అంది చెంగల్వ.

ఇద్దరూ మొదటి గదిలోకి అడుగుపెట్టారు. తెల్లగోడలు, తెల్లమంచం, తెల్లతెర. వచ్చిన ద్వారం తప్ప మిగతా మూడింట్లోంచీ మూడు అలాంటి గదులే కనిపిస్తున్నాయి. ఎక్కడ నేల ఆగి గోడ మొదలైందో కంటికి అందదు. చెంగల్వ ఒక్కక్షణం కళ్ళు నులుముకుంది. తరవాత పైనున్న సున్నాన్ని మూలకు పారబోసి, అరిటాకు లాగి, కుంచె ముంచి, గోడమీద పైనుంచి కిందికి అరచేతి వెడల్పున ఎర్రచార గీసింది. పక్కన మరొకటి. ఇంకొకటి. కాసేపటికి ఆ గది పంజరంలోంచి దూకబోయే పులిలా అయింది.

"అబ్బో! కళ్ళు చెదురుతున్నాయమ్మా" అన్నాడు వీరప్ప.

"చెదరాలి. లేపోతే ఎట్టా గుర్తుంటది? ఆ మంచం మూలకి ఈడ్చు."

"మూలమంచం అరిష్టం తల్లీ!"

"నడిమధ్యన వేసినోళ్ళ అదృష్టం చూశాంగా. ఈడ్చు."

మంచం మూలకు చేరింది. కూజా గుమ్మం పక్కకు వచ్చింది. ఒక్క నిమిషంలో అది నూట ఎనిమిదింట్లో ఒకటి కావడం మానేసి, ఫలానా గది అయింది.

రెండో వలయపు గదికి ఆమె చిలకల అచ్చు తీసింది. గోడల నిండా చిలకలు బారులు కట్టాయి. మొదటి గదికీ ఈ గదికీ మధ్య ద్వారబంధం మీద కావాలనే ఒక పెద్ద చిలకను అద్దింది. తోక చారల గది వైపు, తల చిలకల గది వైపు. పక్కగదిలోకి వెళ్ళే ద్వారం మీద కూడా అలాగే ఒకటి.

అప్పుడే ఎక్కడో భవనపు నడిబొడ్డున గంట మోగింది. ఠంగ్‌మని ఒకే ఒక్క దెబ్బ. పాదాల కింద నేల పడవలా ఊగింది. గంగాళంలో అన్నం కదిలింది. మళ్ళీ అంతా నిశ్శబ్దం.

"ఇది రోజూ అవుద్ది. మాంత్రికుడి పూజంట" అన్నాడు వీరప్ప.

చెంగల్వ ద్వారబంధం వైపు చూసి కొయ్యబారిపోయింది. చిలక తల ఉంది. తోక లేదు. ఎర్రచారల గది ఉండాల్సిన చోట తెల్లటి గది నోరు తెరుచుకుని ఉంది. ఆమె ఒక్క ఉరుకున పక్కద్వారం దగ్గరికి పోయింది. అక్కడి చిలక తలా తోకా కలిసే ఉన్నాయి.

ఆమె చేతికున్న రెండు గాజులు తీసి, ఒకదాన్లో ఒకటి పెట్టి, లోపలిదాన్ని కొద్దిగా తిప్పింది. "చూడు బాబాయ్. పక్కగది పక్కనే ఉంది. బయటి గది మారింది. గంట కొడితే వలయాలు తిరుగుతున్నయ్. ఒక్కో దెబ్బకి ఒక్కో గది జరుగుద్ది. నీ దారం అందుకే తెగింది."

వీరప్ప లోపలి గాజును వేలితో తనూ ఒకసారి తిప్పి చూశాడు. అతని ఛాతీ మెల్లగా పొంగింది. "అయితే ఈ తొమ్మిది రోజులూ దారి తప్పింది నేను కాదన్నమాట. గదులు!"

ఇక చెంగల్వ ఆగలేదు. వలయానికొక అచ్చు. మూడోదానికి మామిడిపిందెలు, నాలుగోదానికి కుండల్లా బలిసిన పనసకాయలు, అయిదోదానికి పూతీగెలు. ప్రతి బొమ్మ ముక్కూ, తొడిమా, మొగ్గా బయటి ద్వారం వైపే చూసేలా అద్దుకుంటూ పోయింది. గదులు ఎంత తిరిగినా బొమ్మ చూసే వైపు బయటిదారి. వీరప్ప వెనకే మంచాలు ఈడ్చాడు. ఒకటి అడ్డంగా, ఒకటి గోడకు నిలువుగా, ఒకటి తలకిందులుగా వేశాడు. నాలుగో గదికి వచ్చేసరికి అతనికి అరిష్టం గుర్తులేదు. "దీన్ని కిటికీకింద వేస్తే బాగుంటది కదూ?" అని తనే అడిగాడు. అక్కడ కిటికీ లేదని ఆమె చెప్పాల్సి వచ్చింది.

ఆరో వలయంలో ఆమె ఏనుగుల అచ్చు తీసింది. చేరెడు వెడల్పు దిమ్మ, అంబారీతో సహా ఏనుగు. తెర పక్కన గోడమీద మొదటి ఏనుగును అదిమి పెట్టి పైనుంచి పిడికిలితో గట్టిగా గుద్దింది.

గోడ కెవ్వుమంది.

వీరప్ప గంగాళం కింద పెట్టేశాడు. చెంగల్వ రెండడుగులు వెనక్కి దూకింది. గోడలోంచి ఒక ముక్క విడివడి ఇటు తిరిగింది. దానికి గడ్డం ఉంది. సున్నం పూసుకున్న ముఖం, తెల్లగడ్డం, తెల్లపట్టు ధోవతి, వీపున మాత్రం నిగనిగలాడే ఎర్రఏనుగు.

"చంపకండి! రాజు పక్కగదిలో ఉన్నాడు!" అని ఆ మనిషి చేతులు జోడించాడు.

"మహాప్రభూ!" వీరప్ప సాష్టాంగపడ్డాడు. "నేను, మీ వీరప్పని!"

నిర్భయసేనుడు ఒక కన్ను తెరిచాడు. "నువ్వు ఇంతకుముందు రెండుసార్లు నా పక్కనుంచే పోయావు. రెండోసారి పప్పుచారు వాసన వచ్చింది. కొబ్బరి తప్ప ఏమీ ఎరగని నోరు కదా, ఏడుపొచ్చింది."

"మరి పిలవకపోయారా ప్రభూ?"

"హంతకులు పప్పుచారు తీసుకురారని ఎవరు చెప్పారు?"

వీరప్ప గంగాళం ముందుకు జరిపాడు. ఆకు పరిచి వడ్డించాడు. నిర్భయసేనుడు నాలుగు వాయిలు తిన్నాడు. ఆ తిండి చూస్తూ చెంగల్వ తన కథంతా చెప్పింది. శాసనం, పగిలిన తొట్లు, భర్త చేతులు.

రాజు ముద్ద దించాడు. "నేను ఏ శాసనమూ రాయలేదమ్మా. బయటికి రావాల్సిన పని లేకుండా, ఖాళీ పత్రాల మీద ముద్రలు గుద్ది ఋజువర్తికి ఒక కట్ట ఇచ్చాను. అతని పేరులోనే నిజాయితీ ఉంది కదా అనుకున్నాను."

"మీ పేరులో ఏముందో మీకు తెలుసుగా మారాజా" అంది చెంగల్వ.

వీరప్ప భయంతో కళ్ళు మూసుకున్నాడు. కానీ రాజుకు కోపం రాలేదు. వీపు తడుముకున్నాడు. "ఇదేమిటి?"

"ఏనుగు."

"ఎటు చూస్తోంది?"

"బయటికి."

"నాకంటే నయం" అన్నాడు రాజు. వేలికున్న ముద్రికను ఒకసారి తిప్పుకుని లేచి నిలబడ్డాడు. "పదండి. పోదాం."

పోయేముందు ఈ గది మంచం కూడా జరపాలని వీరప్పకు బుద్ధిపుట్టింది. వంగి బాలీసు ఎత్తబోయాడు. అది చల్లగా ఉంది. మనిషి నడుమంత లావుంది. మెల్లగా ఊపిరి పీల్చింది.

"తల్లీ," అన్నాడు వీరప్ప సన్నటి గొంతుతో, "ఈ బాలీసుకి కళ్ళున్నయ్."

అది శూన్యపాదుడు పెంచిన ధవళ అజగరం. మంచు కరిగి పారినట్టు మంచం మీదనుంచి జారి నేలమీద పడింది. పడగానే మాయమైంది! తెల్లనేల మీద తెల్లపాము. కూజా ఒరిగి పగిలితే ఇటుందని తెలిసింది. తెర ఊగితే అటుందని తెలిసింది. ముగ్గురూ పరుగందుకున్నారు. అందరికంటే ముందు రాజు ఉన్నాడు. పన్నెండేళ్ళు కదలకుండా కూర్చున్నా, పరుగులో ఆయనకు మనసా వాచా అభ్యాసం ఉంది.

అయిదో వలయపు గుమ్మం దాటుతూ చెంగల్వ ఆగిపోయింది. వెనక వీరప్ప జారిపడ్డాడు. అతని పాదం చుట్టూ కనబడనిదేదో బిగుస్తోంది. పాము ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిస్తే గదా కొట్టడానికి! ఆమె ఏనుగు దిమ్మను ముంతలో ముంచి, అతని కాలిపక్క తెల్లగా కదిలిన చోట అదిమింది. ఎర్రఏనుగు పడింది. అది కదిలింది! వెంటనే దానివెనక ఇంకొకటి గుద్దింది, ఇంకొకటి. ఏనుగుల బారు మెలికలు తిరుగుతూ గది దాటుతుంటే, అంత అందమైన అజగరం భూమ్మీద ఇంకోటి ఉండదనిపించింది. తన ఒళ్ళు తనకే కనబడేసరికి పాముకు ఏం తోచిందో, పట్టు సడలించి తల వెనక్కి తిప్పి చూసుకుంది. ఆ సందులో రాజు వెనక్కి వచ్చి వీరప్ప జుట్టు పట్టుకుని లాగాడు. తాను వెనక్కి వచ్చానని ఆయనకు తరవాతగానీ తెలియలేదు.

పాము తేరుకుని బుసకొట్టి గుమ్మంలోకి దూకింది. సగం ఒళ్ళు ఇవతల, సగం అవతల. అంతలో గంట మోగింది.

ఠంగ్!

ఆరో వలయం తిరగబోయింది. రెండు ద్వారబంధాల నడుమ అజగరం చెరకుగానుగలో గడలా ఇరుక్కుంది. రాళ్ళు కిర్రుమన్నాయి. నేల ఒక్క కుదుపు కుదిపి నిలిచిపోయింది. మళ్ళీ గంట. మళ్ళీ గంట. వలయాలు కదల్లేదు. పాము చావలేదు, కోపం మాత్రం రెట్టింపై తోక నేలకేసి బాదుతోంది.

భవనపు గర్భంలోంచి శూన్యపాదుడి గొంతు వంద గదుల్లో ప్రతిధ్వనించింది. "ఎవరక్కడ? నా గదుల్లో ఏనుగులెవరు పెట్టారు?"

రాజు పోయాడని కాదు, పాము ఇరుక్కుందని కాదు. మాంత్రికుడి బాధ మాంత్రికుడిది.

ముగ్గురూ బయటికి పరుగెత్తారు. పూతీగెల మొగ్గలు చూపిన వైపు, పనసకాయల తొడిమలు చూపిన వైపు, మామిడిపిందెల ముక్కులు తిరిగిన వైపు. జరిగిపోయిన వలయంలో తెల్లగదులు ఎదురైతే, పక్కకు పక్కకు నడిచి తమ బొమ్మ కనబడేదాకా వెతుక్కున్నారు. చిలకల గదిలో రాజు ఒక్కక్షణం నిలబడిపోయాడు. "ఇదివరకు నా ఇంట్లో ఇది నాది అనిపించిన గది లేదు" అన్నాడు.

"తరవాత చూద్దురుగాని, నడవండి!" అంది చెంగల్వ. అప్పటికే బయట భేరీ మోగడం మొదలైంది.

గంటలకు తిరిగి తిరిగి భవనం ముందువైపుకు చేరిన చారల గది దాటి, వాకిలి తోసుకుని వాళ్ళు చౌకులోకి వచ్చిపడ్డారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. తెల్లబట్టల్లో ఊరంతా నిలబడి ఉంది. నడుమ తెల్లటి దిమ్మె, దానిమీద చాచిపెట్టి కట్టిన మునెయ్య నీలిచేతులు. ఆ తెలుపంతట్లో అవొక్కటే కంటికి ఆనుతున్నాయి. తలారి గొడ్డలి ఎత్తి ఉన్నాడు.

"ఆపండి!" అని నిర్భయసేనుడు అరిచాడు. అంత గట్టిగా ఆయన ఎప్పుడూ అరవలేదు, భయపడ్డప్పుడు తప్ప. "నేను మీ మహారాజును. ఆ శాసనం చెల్లదు!"

తలారి గొడ్డలి దించి అయోమయంగా మంత్రి వైపు చూశాడు. జనం రాజు వైపు చూశారు. సున్నం చారలు కట్టిన ముఖం, చింపిరి గడ్డం, వీపున ఏనుగు. ఎవరూ ఆయన్ని గుర్తుపట్టలేదు. మహామంత్రి ఋజువర్తి చూడగానే గుర్తుపట్టాడు. అందుకే, ఈ మనిషిని తానెన్నడూ చూడలేదని వెంటనే ప్రకటించాడు.

"మన ప్రభువులు తపస్సులో ఉన్నారు. అయినా ప్రజలారా, మీరే చెప్పండి, శంఖద్వీపాధీశుడు వీపున ఏనుగును మోస్తారా?"

మోయరని జనానికి కూడా తోచింది.

"ఈయన మారాజేనయ్యా! నేను పన్నెండేళ్ళు అన్నం పెట్టా!" అని వీరప్ప గుండెలు బాదుకున్నాడు.

"వంటవాడి సాక్ష్యం రుచి వరకే చెల్లుతుంది" అన్నాడు మంత్రి. "పైగా ధవళశాసనం ప్రకారం ఒంటిమీద రంగున్నవాడు దోషి. పట్టుకోండి. ఆ ఉంగరం ఊడదీయండి, దొంగసొత్తు."

భటులు చుట్టుముట్టారు. నిర్భయసేనుడు వేలినుంచి ముద్రిక లాగి, జీవితంలో మొట్టమొదటి సాహసం చేశాడు. "చెంగల్వా, పట్టుకో!" అని విసిరాడు. అంతకుముందెన్నడూ ఏదీ విసిరి ఎరగడు గనక గురి తప్పింది. ఉంగరం ఆమెకు ఆరడుగుల దూరంలో దుమ్ములో పడింది. ఆమె గద్దలా వాలి అందుకుంది.

అందుకుని తలెత్తితే ఎదురుగా, పది అంగల్లో, మునెయ్య. వారం నుంచి చూడని ముఖం. ఆమె కాళ్ళు అటే కదిలాయి.

"ఇటు రామాక!" మునెయ్య కట్ల మధ్యనుంచి గొంతు చించుకున్నాడు. "ఉంగరం పోతే అందరం పోతాం. లోపలికి పో! నీ గదుల్లోకి పో!"

చెంగల్వ పెదవి కొరుక్కుంది. ఒక్కసారి ఆ నీలిచేతుల వైపు చూసి, గిరుక్కున తిరిగి, తాను వచ్చిన వాకిట్లోకే దూసుకుపోయింది. ఎర్రచారల నడుమ ఆమె తెల్లకోక ఒకసారి మెరిసి మాయమైంది. వెంటబడ్డ భటులు గడప దగ్గర ఆగిపోయారు. లోపలికి వెళ్ళిన రాజే తొమ్మిది రోజులుగా బయటికి రాని ఇల్లు. లోపల్నుంచి ఏదో బుసకొడుతోంది కూడా.

"దూరండి!" అని మంత్రి గర్జించాడు.

"తమరు ముందు నడిస్తే మీ వెనకే వస్తాం ప్రభూ" అన్నాడు దళపతి వినయంగా.

ఋజువర్తి ముందు నడవలేదు. అంగరఖా మడతల్లో చెయ్యి పెట్టి తడుముకున్నాడు. రాజముద్ర వేసిన ఖాళీ పత్రాల కట్టలో ఇంక మిగిలింది ఒక్కటే. నరికాక, ఆ శిక్ష రాజు వేసిందేనని చూపడానికి పత్రం కావాలి. ఇందాకటిదాకా దాన్ని అద్దకపువాడి చేతులకు వాడుదామనుకున్నాడు. ఇప్పుడు రాజుగారి మెడ కూడా వచ్చిపడింది. తన పట్టాభిషేకానికి ఇంకొకటి కావాలి. పత్రం ఒక్కటి, పనులు మూడు. ముద్రికేమో ఒక అచ్చుపనిదాని గుప్పిట్లో, నూట ఎనిమిది గదుల్లో ఎక్కడో ఉంది.

"ఆ ఆడది దొరికేదాకా వీళ్ళను చెరలో వేయండి" అన్నాడు పళ్ళు నూరుతూ. "భవనానికి ఉన్న అన్ని వాకిళ్ళూ మూసేయండి."

భవనాన్ని ఆనుకునే ఉన్న చెరసాల గోడలు కూడా కొత్తగా సున్నం కొట్టి ఉన్నాయి. వీరప్ప మూలకు చేరి, ఈ పూట మంత్రికి ఎవరు వండుతారోనని తలుచుకుని కాస్త ఊరటపడ్డాడు. నిర్భయసేనుడు గొలుసులతో నడుమ కూర్చున్నాడు. ఆయన వెనక మునెయ్య.

"దొరా, కొంచెం వెలుగువైపు తిరుగుతారా?" అన్నాడు మునెయ్య. వీపుమీది ఏనుగును దగ్గరగా చూశాడు, నీలివేలితో అంచు వెంట మెల్లగా రాశాడు. అతని కళ్ళు చెమర్చాయి. "మా ఆవిడ పనే. తోక దగ్గర కాస్త చెదిరింది."

"నేను కదిలాను" అని రాజు ఒప్పుకున్నాడు. మెడ తిప్పి వీపు చూసుకోబోతూ అడిగాడు. "ఇది కడిగితే పోతుందా?"

"మంజిష్ఠలో పటిక కలిపి ఉంటది. తమరికి భయంతో చెమట పట్టింది గదా, ఉప్పుకి ఇంకా పట్టేసుంటది. పోదు దొరా."

"ఎప్పటికీ?"

"తోలున్నంత కాలం."

రాజు ఆలోచించాడు. "అయితే ఇక నేను ఏ తెల్లగోడకూ ఆనుకుని దాక్కోలేనన్నమాట."

"లేరు దొరా."

అప్పుడు వాళ్ళ పాదాల కింద, భూమి లోతుల్లోంచి గంట మోగింది. ఠంగ్! వెనువెంటనే రాళ్ళు ఒరుసుకున్న చప్పుడు. నేల పడవలా ఊగింది. పాము విడివడింది. వలయాలు మళ్ళీ తిరుగుతున్నాయి. లోపల చెంగల్వ ఒంటరిగా ఉంది.

వీరప్ప చెవులు మూసుకున్నాడు. మునెయ్య గోడకేసి తల బాదుకోబోయాడు. ఆ ముగ్గురిలో మొదట లేచి, గొలుసులు ఈడ్చుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో దాన్ని బాదడం మొదలుపెట్టినవాడు నిర్భయసేనుడు.